గుడ్డ గోడ

"ఇల్లు తగ్గింది," అంది కాజాలమ్మ, టేపు చివర గోడకి నొక్కి పట్టుకుని.

"ఇల్లు తగ్గడమేంటే? ఉతికితే కుంచించుకుపోవడానికి అదేమన్నా నూలు గుడ్డా?" అన్నాడు దర్జీ.

"నా మీద ఎగరకండి. మీరే వచ్చి చూడండి. కాగితంలో ఉన్నంత ఇల్లు ఇక్కడ లేదు. ఈ పక్క మూరెడు తక్కువ."

దర్జీ వచ్చి చూశాడు. టేపు చూశాడు, గోడ చూశాడు, చేతిలోని డ్రాయింగు చూశాడు. భార్య మొహం మాత్రం చూడలేదు.

పైన మేడ వేసుకుంటామని పెట్టిన దరఖాస్తు మీద ప్లానింగు ఆఫీసు నుంచి ఆఫీసరమ్మ వచ్చి స్థలం కొలుచుకునే రోజు అది. ఈ పూటే వచ్చేస్తుంది. ఆవిడ ఫైల్లో ఉన్న ఇల్లు లావుగా ఉంది, వీధిలో ఉన్న ఇల్లు సన్నగా ఉంది. ఇద్దరూ ఒకరేనని ఆవిణ్ణి నమ్మించాలి.

"డ్రాయింగాయనకి కొలతలు ఎవరిచ్చారు?"

"నేనే."

"కొలిచే ఇచ్చారా?"

"కొలవకుండా ఇస్తానా? కొలతలు తీసీ తీసీ జుట్టు నెరిసిన వాణ్ణి." దర్జీ గొంతు అక్కడ కాస్త కిందికి దిగింది. "కొలిచి... కొంచెం వదులు కలిపాను."

"ఏం కలిపారు?"

"వదులే. చుట్టూ. రేపెప్పుడన్నా విప్పుకోవాల్సి వస్తే ఉంటుందని లోపల మడత వదులుతాం చూడు, అలాగ. చెయ్యి అలవాటు."

కాజాలమ్మ టేపు వదిలేసింది. దుకాణంలో కుట్టే ప్రతి చొక్కాకీ కాజాలు ఆవిడ చేతివే కాబట్టి బజారంతా ఆవిణ్ణి కాజాలమ్మ అనే పిలుస్తారు. కాజా అంటే కన్నం. అంత చిన్న కన్నం పక్కకి జరగకుండా కోసే మనిషికి మూరెడు తేడా అంటే ఎలా ఉంటుంది?

"ఇల్లేమన్నా పెళ్లయ్యాక ఒళ్లు చేస్తుందా? చేశాక మీరు పక్క కుట్లు విప్పి వదులు చేస్తారా?"

"అరవకు. అవతలకి వినపడుతుంది."

"వినపడనివ్వండి! మీ వదులంతా వాళ్ల మీదకే కదా పోయింది!"

కొలతలు అన్న మాటలో ఒత్వం ఒక్కటి తీసేస్తే కలతలు అవుతుంది. ఈ ఇంట్లో అది ఎవరూ తీయకుండానే అయింది.

అవతల అంటే ఎక్కడో కాదు, రొమ్మెత్తు గోడకి అటుపక్క. అక్కడ దర్జీ అన్నయ్య ఉంటాడు. గడియారాలు బాగుచేస్తాడు. ఆయన భార్య ప్రసూతి ఆసుపత్రిలో నర్సు. వీళ్ల మేడకి అనుమతి కోసం దరఖాస్తు పెట్టినట్టు ఆఫీసువాళ్లు నోటీసు అంటించారు. అందులోని డ్రాయింగులో పైగోడ తమ కిటికీ మీదకి పొట్ట పెట్టుకుని వచ్చేసినట్టు కనిపించింది. నర్సక్క ఆ రోజే అభ్యంతరం రాసి సంతకం పెట్టి ఇచ్చింది. ఆ రోజు నుంచీ అన్నదమ్ములకి మాటల్లేవు.

సంతకం ఆవిడే ఎందుకు పెట్టిందంటే, ఇల్లు ఆవిడ పేరు మీదే ఉంది. ఇటు ఇల్లు కాజాలమ్మ పేరు మీద ఉంది. కొడుకులిద్దరూ పుట్టినప్పటి నుంచీ కొట్టుకుంటున్నారని మామగారు రెండిళ్లూ కోడళ్ల పేర రాసి పోయారు. కోడళ్లు కొట్టుకోరని ఆయన నమ్మకం. పాపం, మంచి మనిషి.

"ఇప్పుడేం చేద్దామంటావు?" అన్నాడు దర్జీ. ఆ అడగడంలో జేబు లేని చొక్కా వేసుకున్న మనిషి దిగులుంది.

ఏం చేయాలో ఆవిడకీ తెలీదు. తెలిసింది ఒక్కటే. బజారులో దుకాణమున్న భవనం పడగొట్టేస్తున్నారు, ఈ నెలాఖరుకి ఖాళీ చేయాలి. మిషన్లూ, కత్తిరింపు బల్లా, వాటిని నమ్ముకున్న పనివాళ్లూ ఇంటి పైకి రావాల్సిందే. అనుమతి రాకపోతే పైన ఆకాశం తప్ప గది ఉండదు. దారం పట్టుకుని బతికేవాళ్లకి అదొక్కటే ఆధారం.

"నేను బావగారి దగ్గరికెళ్తాను," అంది. దర్జీ కింద పడ్డ టేపు తీసి చుట్టడం మొదలెట్టాడు.

*

గడియారాలాయన కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కంట్లో భూతద్దం ఇరికించుకుని, పట్టకారుతో ఏదో చక్రాన్ని పైకెత్తి చూస్తున్నాడు. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తున్నాయి. ఆ గదిలోకి ఆలస్యంగా రావడం ఎవరివల్లా కాదు.

"బావగారూ."

"ఊఁ."

"ఆ డ్రాయింగు తప్పండీ. గోడ అంత దగ్గరికి రాదు. మీ తమ్ముడుగారు కొలతల్లో వదులు కలిపారు."

పట్టకారు ఆగింది. ఆయన తల తిప్పకుండానే అన్నాడు: "చిన్నప్పుడు వాడు మొట్టమొదట కుట్టింది నాకు లాగు. అందులోనూ వదులే. తొడుక్కుంటే ఇద్దరం పట్టేవాళ్లం."

"అంటే నమ్మినట్టే కదండీ?"

"నమ్మాను. నమ్మి ఏం చేసుకోనమ్మాయ్? దగ్గరికి రాదు సరే. పైకి లేస్తుంది కదా. నా వెలుతురు మాటేంటి?"

"లైటు పెట్టుకుంటే..."

"లైటుంది." ఆయన స్విచ్చి నొక్కాడు. చక్రం తళతళలాడింది. "చూడు. అన్నీ మెరుస్తున్నాయి, ఏదీ కనపడట్లేదు. పక్కనుంచి పగటి వెలుతురు పడితేనే పన్ను పన్నుకీ నీడ వస్తుంది. ఆ నీడని బట్టే అరిగిందో లేదో తెలుస్తుంది. నేను బతికేది నీడ మీద."

"మేడ లేస్తే ఎంత వెలుతురు పోతుందండీ?"

"నన్నడిగితే? వాణ్ణడిగితే తెలుస్తుందా? కట్టాక తెలుస్తుంది. కట్టాక తెలిసి నేను చేసేదేముంది, పగలంతా కళ్లు నులుముకోవడం తప్ప."

చెప్పాల్సింది చెప్పేసి ఆయన మళ్లీ చక్రంలో దూరిపోయాడు. గడియారాల మనిషి మనసుకి గడియ వేసుకుంటే బయటనుంచి తీయడం కష్టం. కాజాలమ్మ గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది.

దుకాణానికి వచ్చి "ఎలా ఉంటుందో ఏమో" అని నసిగేవాళ్లని తనూ భర్తా ఎప్పుడూ మాటలతో నమ్మించలేదు. ముతక గుడ్డ చుట్టి, గుండుసూదులు గుచ్చి, అద్దం ముందు నిలబెట్టేవాళ్లు. అసలు గుడ్డ మీద కత్తెర పడేది ఆ తర్వాతే.

"బావగారూ, కట్టకముందే తెలిస్తే?"

"ఎలా తెలుస్తుంది?"

అప్పటికే ఆవిడ వాకిలి దాటేసింది.

*

"ట్రయలు వేద్దాం," అంది రొప్పుతూ.

"ఎవరికి?"

"ఇంటికి."

దర్జీ ఆవిడ మొహం చూశాడు. ఎండదెబ్బేమోనని అనుమానించి, తర్వాత మెల్లగా వెలిగాడు. "రద్దయిన కర్టెన్ల ఆర్డరు గుడ్డ తాను అలాగే ఉంది. మందంగా ఉంటుంది, వెలుతురు దూరదు."

"అసలు కొలతకే కుట్టండి. వదులు పెట్టారో, ఊరుకోను."

"వదులు వదిలేశాను, సరేనా?"

ఇంట్లోని పాత మిషను టకటకలాడింది. నిలువు పట్టీలు కలిపి, పైనా కిందా నేఫా కుట్టి, అందులోంచి తాడు పోనిచ్చారు. బట్టలారేసే ఇనప స్తంభాలు ఊడబెరికి డాబా మీద నిలబెట్టారు. ఊళ్లో మేస్త్రీలందరూ చూసి నేర్చుకోవాల్సినంత త్వరగా గోడ లేచింది. గాలి వీస్తే ఊగడం ఒక్కటే దాని లోపం.

అదే సమయానికి వీధిలో స్కూటరు ఆగింది. ఆఫీసరమ్మ హెల్మెట్టు తీసి తల పైకెత్తింది. ఎత్తిన తల దించలేదు.

"అనుమతి రాకముందే పైన గోడ కట్టేశారా?"

"కట్టలేదు మేడం," అన్నాడు దర్జీ డాబా మీంచి. "కుట్టాం."

ఆవిడ హెల్మెట్టు చంకలో పెట్టుకుంది. "అక్రమ కట్టడాలు చాలా చూశానండీ. అక్రమ కుట్టడం ఇదే మొదటిసారి."

కాజాలమ్మ జరిగిందంతా ఆవిడకి చెప్పేసింది. వదులు సంగతీ, వెలుతురు సంగతీ, నెలాఖరు సంగతీ. దాచడానికి ఆవిడకి ఓపిక లేకపోయింది.

"అంటే మీ డ్రాయింగు తప్పు. దాని మీద వాళ్ల అభ్యంతరం ఒప్పు."

"అంతేనండీ."

"తప్పు ఒప్పుకున్నారు. నా పని సగం తగ్గింది." ఆఫీసరమ్మ సంచీలోంచి ఇనప టేపు తీసింది. "కానివ్వండి మీ ట్రయలు. నేనూ చూస్తాను."

కాజాలమ్మ బావగారి బల్ల పక్కన నిలబడింది. పైన దర్జీ నోటినిండా గుండుసూదులు పెట్టుకుని గోడ అంచు పట్టుకున్నాడు. కబుర్లు ఆవిడ మీదుగానే నడిచాయి.

"ఎలా ఉందండీ?"

"చక్రం సగం మునిగింది. లోపలికి జరపమను."

"లోపలికి జరపమంటున్నారు!"

పైన గుడ్డ జరిగింది. బల్ల మీద వెలుతురు అంచు మెల్లగా పాకింది.

"ఇంకా."

"ఇంకా అంటున్నారు!"

"ఎత్తు సరిపోయింది. కుడి చివర వేలాడుతోంది, అందుకే... కాదు, అటు కాదు. అటు కాదని చెప్పమ్మాయ్."

"అటు కాదట!"

"అయ్యో, వీడికి కుడి ఎడమా ఎప్పటికి తెలుస్తుంది?" గడియారాలాయన కుర్చీ వెనక్కి తోసి, భూతద్దం కంట్లో ఉండగానే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఒరేయ్! నీ అన్నం తినే చెయ్యి వైపురా! అటు చివర మడువు!"

డాబా మీద దర్జీ శిలైపోయాడు. ఇన్నాళ్లకి అన్నయ్య పిలిచాడు. పలకాలని నోరంతా తహతహలాడింది. నోటి నిండా గుండుసూదులు.

"ఊఁ," అన్నాడు. "ఊఁ ఊఁ."

"ఊఁ కొట్టడం కాదు, మడువు!"

మడిచాడు. వెలుతురు బల్ల చివరిదాకా వచ్చి చక్రం మీద వాలింది. పన్ను పన్నుకీ సన్నని నీడ లేచింది. గడియారాలాయన కూర్చుని, చూసి, మళ్లీ చూసి, "అక్కడ గుచ్చెయ్యమను," అన్నాడు.

*

సంతోషం డాబా మెట్లు ఎక్కేలోపే దాని కాలు జారింది.

ఆఫీసరమ్మ గుడ్డ గోడ నుంచి సరిహద్దు దాకా టేపు లాగి చూసింది. "గోడకి వదలాల్సిన ఖాళీ ఉంది. నా వైపు నుంచి అడ్డేమీ లేదు." తర్వాత లోపలి వైపు కొలిచింది. "గదే చిన్నదైపోయింది. కిందినుంచి వచ్చే మెట్లు ఇక్కడే కదా తేలతాయి? వాటి చోటు పోగా మీ కత్తిరింపు బల్ల ఏదీ, ఎక్కడ వేస్తారు?"

దర్జీ డాబా మీద సుద్దతో బల్ల గీశాడు. ఇటు తిప్పి గీశాడు, అటు తిప్పి గీశాడు. ఎటు తిప్పినా బల్ల కాళ్లు మెట్లలోకి దిగిపోతున్నాయి.

"అడ్డంగా వేస్తే?" అంది కాజాలమ్మ.

"అడ్డంగా వేస్తే మనిషి నిలబడడు."

"బల్ల కాస్త కోయిస్తే?"

"బల్ల కోస్తే గుడ్డ ఎక్కడ పరుస్తానే?" ఆయన సుద్దముక్క జేబులో వేసుకుని గుడ్డ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. అంత చక్కగా అమరింది. అమరినచోటే కొంప ముంచింది.

 అప్పుడు రొమ్మెత్తు గోడ అవతలనుంచి ఒక గొంతు వినపడింది.

"మెట్లు లోపలెందుకురా?" గడియారాలాయన పెరట్లో నిలబడి ఉన్నాడు. "మా వైపు పెట్టుకో. ఈ గోడకి చిన్న దారి తీస్తే బయటి నుంచే పైకెళ్లిపోవచ్చు. గదంతా నీకే ఉంటుంది."

దర్జీ నోట్లో ఇప్పుడు గుండుసూదులు లేవు. అయినా మళ్లీ "ఊఁ" అనే అన్నాడు.

"అలా చేస్తే రెండు స్థలాలూ ఒకే దరఖాస్తులోకి వస్తాయి," అంది ఆఫీసరమ్మ. "రేపు మధ్యాహ్నంలోగా కొత్త డ్రాయింగుతో ఇద్దరు యజమానులూ నా దగ్గరికి వచ్చి సంతకాలు పెడితే ఈ ఫైల్లోనే సవరణ కింద తీసుకుంటాను. దాటితే తిరస్కరించి మళ్లీ మొదటి నుంచి మొదలెట్టాలి. మీ నెలాఖరు అప్పటికి ఆగదు."

"ఇద్దరం వచ్చేస్తాం మేడం!" అన్నారు అన్నదమ్ములు ఒక్కసారే.

"ఇద్దరు యజమానులు," అంది ఆవిడ ఫైలు తిరగేసి. "మీరిద్దరూ కారు."

సరిగ్గా అప్పుడే నర్సక్క గేటు తోసుకుని వచ్చింది. రాత్రి డ్యూటీ, దాని మీద పొద్దున్నే వరసగా కాన్పులు. కళ్లకింద వాపులు. భుజాన సంచీ. ఆవిడ గుడ్డ గోడని చూసింది, తర్వాత భర్తని చూసింది.

"ఏంటిది? సర్కస్సు దిగిందా?"

"అది కాదే," అన్నాడు గడియారాలాయన, "వెలుతురు సరిపోయింది. మెట్లు మాత్రం మన వైపు పెట్టుకోమన్నాను."

"మన వైపా? మన అంటే?"

"అదే... నీ వైపు."

"ఓహో. నా పెరడు మీరు దానం చేశారు. పుణ్యం ఎవరికొస్తుంది?"

ఆఫీసరమ్మకి ఇలాంటి పెరళ్లలో ఎప్పుడు బయల్దేరాలో బాగా తెలుసు. "రేపు మధ్యాహ్నం లోగా," అని ఇంకోసారి చెప్పి హెల్మెట్టు పెట్టుకుంది.

కాజాలమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "అక్కా, బావగారు నిజానికి..."

"ఆయన్ని మధ్యలోకి లాగకు. నీకేదో కావాలి. నీ నోటితో నువ్వడుగు."

తోడికోడళ్లయిన నాటి నుంచి కాజాలమ్మ ఆవిణ్ణి ఒక్కటీ అడిగి ఎరగదు. అడగకపోవడం గౌరవమని ఈవిడ అనుకుంది. గర్వమని ఆవిడ అనుకుంది.

"మీ పెరట్లో ఈ గోడ వారన మెట్లకి చోటు కావాలక్కా. అది లేకపోతే దుకాణం ఉండదు."

నర్సక్క సంచీ కిందపెట్టింది. కోపంగా లేదు. అలసటగా ఉంది. "ఎక్కేదెవరు?"

"పనివాళ్లు. బట్టలిచ్చేవాళ్లు, తీసుకెళ్లేవాళ్లు."

"పొద్దున్నుంచి సాయంత్రం దాకా?"

"అవునక్కా."

"ఆ గోడకి ఇటుపక్క ఏముందో తెలుసా నీకు? నా పడకగది. లోకమంతా నిద్రలేచాక నేను పడుకుంటాను. తల పక్కనే పగలంతా అడుగుల చప్పుడైతే నాకు రాత్రెప్పుడు? ఆయనకి వెలుతురు కావాలని నేను సంతకం పెట్టాను. నాకు చీకటి కావాలని ఎవరు పెడతారు?"

గడియారాలాయన నేల చూశాడు. దర్జీ ఆకాశం చూశాడు. కాజాలమ్మ ఆవిడ కళ్లలోకే చూసింది.

"అది నేను ఆలోచించలేదక్కా."

"ఎవరూ ఆలోచించరు," అంది నర్సక్క. కానీ ఆ మాటలో ముందున్న పదును లేదు. "మెట్లు ఎక్కణ్ణుంచి ఎక్కడికో గీసి చూపించు."

దర్జీ సుద్దముక్కతో పరిగెత్తుకొచ్చి నేల మీద గీతలు గీశాడు. గోడ వారన ఒకదాని తర్వాత ఒకటి, మెట్టుకో గీత. నర్సక్క వాటి చివరిదాకా చూసి, లోపలికి వెళ్లిపోయింది. తలుపు మూసుకుంది.

అన్నదమ్ములు పెరట్లో పక్కపక్కనే మిగిలిపోయారు.

"కోపమొచ్చిందంటావా?" అన్నాడు దర్జీ గుసగుసగా.

"కోపమొస్తే తలుపు వేసిన చప్పుడు వీధి చివరికి వినపడాలి. ఇది అది కాదు."

"మరేంటి?"

"పెళ్లయి ఇన్నేళ్లయింది. నాకు తెలిసిన చప్పుళ్లలో ఇది లేదురా."

అంతలో పడకగది కిటికీ రెక్క తెరుచుకుంది. అందులోంచి నర్సక్క మొహం కనపడింది. చీర మార్చుకుంది, జడ విప్పుకుంది, పడుకోవడానికి సిద్ధంగా ఉంది.

"మగాళ్లిద్దరూ వీధిలోకి వెళ్లండి. పిల్లా, నువ్వుండు."

అన్నదమ్ములు ఒకరినొకరు తోసుకుంటూ గేటు దాటారు.

"నీకు చప్పుడయ్యే చెప్పులున్నాయా?"

"బజారుకి వేసుకెళ్లేవి ఉన్నాయక్కా. టకటకమంటాయి."

"అవి వేసుకో. నేను పడుకుంటాను. ఆ గీతల మీద నువ్వు నడువు. దొంగలా నడవడం కాదు. బ్లౌజు ఇంకా ఇవ్వలేదని దెబ్బలాటకి వచ్చిన మనిషిలా నడువు."

"నిద్ర పట్టకపోతే?"

"లేచి చెప్తాను."

"పడితే... రేపు సంతకం?"

నర్సక్క కిటికీ రెక్క దగ్గరికి వేసింది. లోపల మంచం కిర్రుమంది.

కాజాలమ్మ వెళ్లి బజారు చెప్పులు వేసుకొచ్చింది. మొదటి గీత మీద కాలు పెట్టింది. టక్. ఆగి చూసింది. కిటికీ కదల్లేదు.

రెండో గీత మీద ఇంకాస్త గట్టిగా పెట్టింది.